గెడ్డదిబ్బ గట్టుకు రెండు డ్రాయింగులు

రెండువేల ఇరవై రెండు వేసవి మొదట్లో నన్ను రాజాం నుంచి బదిలీ చేసి, మా జిల్లాలోనే ఒక నదీ సంరక్షణ కార్యాలయంలో డిజైన్ సెక్షన్‌కు టెక్నికల్ ఆఫీసర్‌గా వేశారు. ఆ కార్యాలయం పేరు ఇక్కడ అవసరం లేదు. టెక్నికల్ ఆఫీసర్ అంటే పెద్ద హోదా అనుకోకండి. పాత రోజుల్లో హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ అనేవారు. కుర్చీ అదే, పని అదే, బోర్డు మీద పేరు మారింది. పదవీ విరమణకు దగ్గరపడిన మనిషిని, ఇంటికి దగ్గరని అక్కడ పడేశారు. వెళ్ళిన నెలలోనే నా ఉద్యోగం మొత్తంలో నేను గర్వంగా చెప్పుకునే పని నా మీద పడింది.

ముందు మా పని ఎలా నడుస్తుందో చెప్పాలి. అసిస్టెంట్ ఇంజనీరు, అంటే ఏఈ, ఫీల్డుకు వెళ్ళి సర్వే చేసి కొలతలు తెస్తాడు. ఏరు పొడవునా వరసగా కొన్ని చోట్ల, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు అడ్డంగా, ఎక్కడ ఎంత లోతుందో కొలుస్తారు. దాన్ని అడ్డకోత అంటాం. ఆ అంకెలను మా సెక్షన్ గీతలుగా మారుస్తుంది. గీతల మీద గట్టు డిజైన్ నిలబడుతుంది. డ్రాయింగు అడుగున మూడు గళ్ళుంటాయి: గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. మధ్య గడి నాది. పై అధికారి అయిన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అంటే ఈఈ, ఆ మధ్య గడిలో సంతకం చూశాకే తన సంతకం పెడతారు. అంచేత ఆ చిన్న గడిని నేనెప్పుడూ చిన్నచూపు చూడలేదు.

సెక్షన్లో పాత డిజైన్ సాఫ్ట్‌వేర్ ఒకటుండేది. నల్లటి తెర, అడుగున ఒకే ఒక వరస, అందులో అక్షరాలు కొట్టి ఆజ్ఞలివ్వాలి. బొమ్మల్లేవు, రంగుల్లేవు. కానీ మా డ్రాఫ్ట్స్‌మన్ అప్పలనాయుడు దాని ముందు కూర్చుంటే చూడాలి. అతనిది కోటబొమ్మాళి దగ్గర పల్లె, ఇరవయ్యేళ్ళుగా ఆ కుర్చీలోనే ఉన్నాడు. కీబోర్డు వైపు చూడడు, తెర మీది ప్రశ్న చదవడు. మా నాన్నగారు శ్రీముఖలింగంలో పిల్లలకు వీణ నేర్పేవారు. మెట్టు ఎక్కడుందో వెతుక్కునే వేలు ఇంకా నేర్చుకోని వేలు అనేవారు. అప్పలనాయుడి వేళ్ళు వెతుక్కునేవి కావు. ఒక చిన్న ఏటి సర్వే మొత్తం పొద్దున్న మొదలుపెడితే భోజనాల వేళకు గీతల్లో ఉండేది.

చిక్కంతా ఆ సాఫ్ట్‌వేర్ నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌తో వచ్చింది. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో చేతులు దులుపుకుంది. లోపాలు బయటపడితే సరిచేసే సవరణలు రావడం ఆగిపోయింది. అలాంటి యంత్రం నెట్‌వర్క్‌లో ఒక్కటున్నా దాని ద్వారా లోపలికి దూరి, మొత్తం కార్యాలయం ఫైళ్ళకు తాళం వేసేవాళ్ళుంటారు. అందుకని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పాత సిస్టమ్ ఉన్న ఏ కంప్యూటరూ నెట్‌వర్క్‌కు కలపరాదు. పెన్ డ్రైవులు వాడరాదు. తయారీదారు మద్దతు లేని సాఫ్ట్‌వేర్ ఉండరాదు. ప్రతి సెక్షన్ అధిపతీ ఈ మూడూ పాటించామని ధ్రువపత్రం ఇవ్వాలి. మా సెక్షన్ అధిపతిని నేనే.

దీన్ని అమలు చేయడానికి కిశోర్ అనే కుర్రాడు వచ్చాడు. విజయనగరం వాడు, ఐటీ విభాగంలో సిస్టమ్ ఆడిటర్. వయసులో నా కొడుకుకంటే చిన్నవాడు, మాటలో కలెక్టరు గారికంటే ఖచ్చితం. మా వాళ్ళందరికీ వాణ్ణి చూస్తే ఒళ్ళుమంట. నాకు మాత్రం కాలేదు. పక్క జిల్లాలో ఒక కార్యాలయంలో ఫైళ్ళకు తాళాలు పడితే ఏళ్ళ తరబడి చేసిన పని ఎలా బూడిదైందో ఒకసారి చెప్పాడు. దాన్ని బాగుచేయడానికి వెళ్ళినవాళ్ళలో తనూ ఒకడు. ఆ సంగతి చెప్పేటప్పుడు అతని గొంతులో నటన లేదు. నిబంధనను నిబంధన కోసం పట్టుకు వేలాడే మనిషి కాదని అర్థమైంది. పాత యంత్రాల వైర్లు పీకి, మీద కాగితం సీలు అంటించి, స్టోర్ రూములో పెట్టించాడు. హార్డ్ డిస్కులు తీసి నాశనం చేయడం తర్వాతి విడత.

కొత్త కంప్యూటర్లు వచ్చాయి, కొత్త సిస్టమ్ వచ్చింది, దాని మీద నడిచే కొత్త డిజైన్ సాఫ్ట్‌వేర్ వచ్చింది. చూడడానికి పెళ్ళిపందిరిలా ఉంది. పైన వరసగా బొమ్మలు, బొమ్మ మీద చెయ్యి పెడితే కిందికి ఇంకో వరస, అందులో ఇంకో పెట్టె. గీత గీయాలంటే పొర ఏది, మందం ఎంత, రంగు ఏది, ప్రమాణం ఏది అని వరసబెట్టి అడుగుతుంది. అన్నిటికీ జవాబిస్తే గానీ కదలదు. రెండో రోజుకే అప్పలనాయుడి తలప్రాణం తోకకొచ్చింది.

"ఇదేటి మేడం, పెళ్ళిసూపుల్లో కూడా ఇన్ని పెశ్నలు అడగలేదు నన్ను. ఒక్క గీతకి ఇంతేటి మేడం?" అన్నాడు.

నేను నవ్వాను గానీ నాకూ కడుపు మండింది. ఈ సాఫ్ట్‌వేర్ కొన్నవాళ్ళు ఒక్కరోజు మా కుర్చీలో కూర్చుని ఒక్క అడ్డకోత గీసి ఉంటే బావుండును. దాంట్లో ఏమేమున్నాయో చూశారు, పనిచేసేవాడి చెయ్యి ఎక్కడ ఆగుతుందో చూడలేదు. కిశోర్‌తో అదే అన్నాను. ఎవరూ పని చేయలేని యంత్రం భద్రంగా ఉంటే ఎవరికి లాభం అని అడిగాను. తాళం పడిన యంత్రం మీద ఎంత హాయిగా పనిచేసినా ఎవరికి లాభం మేడం అని అతను అడిగాడు. నిజానికి ఇద్దరి ప్రశ్నా న్యాయమైనదే.

అదే సమయంలో గెడ్డదిబ్బ పని వచ్చింది.

కొండల మీంచి దిగి నేరుగా సముద్రంలో కలిసే చిన్న ఏళ్ళను మా వైపు గెడ్డలంటారు. ఎండాకాలం చీలమండ కూడా మునగదు, తుఫాను వస్తే ఊళ్ళు మింగుతాయి. అలాంటి గెడ్డ ఒకటి సముద్రంలో కలిసేచోట, ఎడమ గట్టు మీద గెడ్డదిబ్బ అనే మత్స్యకారుల పేట ఉంది. కిందటి తుఫానుకు గట్టు కోసుకుపోయి, మొదటి వరసలో ఇళ్ళు కొన్ని గెడ్డలో కలిసిపోయాయి. ఇప్పుడు రెండో వరస అంచున నిలబడింది. గట్టుకు రాతికట్టు వేయాలి. వానలు ముదరక ముందే పని పూర్తికావాలంటే, ఆ నెలాఖరు లోపల డిజైన్‌ను ప్రభుత్వ మంజూరు పోర్టల్‌లో పెట్టాలి. పోర్టల్ మూసుకుంటే మళ్ళీ ఏడాదికే. ఆ ఏడాదిలో రెండో వరస ఉండదని అందరికీ తెలుసు.

ఆ రెండో వరసలోనే ఎర్నమ్మ ఇల్లు. చేపల వ్యాపారం చేసే మనిషి, పేటకు వార్డు మెంబరు కూడా. తెల్లారి చేపలు అమ్ముకుని, ఖాళీ గంపతో బస్సు దిగి తిన్నగా మా సెక్షన్‌కు వచ్చేది. ఈఈ గారి గదికి వెళ్ళేది కాదు. కాగితం ఎక్కడ ఆగుతుందో ఆవిడకు బాగా తెలుసు.

"ఏటమ్మా, మా గట్టు కాయితం ఎల్లిందా నేదా?" అని గుమ్మంలోంచే అడిగేది. ఇంకా సర్వే గీస్తున్నామని చెబితే, "మీరు గీసీలోగా అది మమ్మల్ని గీసీసేలాగుంది. పిల్లలతోటి ఉన్నాం తల్లీ. ఏదో ఒకటి పంపీయమ్మా," అనేది. కోపంగా కాదు. రోజూ అడిగి అడిగి అరిగిపోయిన గొంతుతో అనేది.

సర్వే చేసినవాడు గణేష్ అనే కొత్త ఏఈ. చదువులో చురుకైనవాడు, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. గెడ్డ ముఖద్వారం దగ్గర సర్వే చేయడం అదే మొదలు. ఒడ్డున పరికరం దగ్గర తాను నిలబడితే, ఎప్పటినుంచో ఉన్న సర్వే సిబ్బంది తెప్ప మీద వెళ్ళి కొలతలు కేకేసి చెప్పారు. ఆ కొలతల ఫైలును అప్పలనాయుడు కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాడు. అడిగినవాటికన్నిటికీ ఓపిగ్గా జవాబిచ్చాడు. కొత్త సిస్టమ్ మీద మా కార్యాలయంలో పూర్తయిన మొదటి డ్రాయింగు అది.

అందంగా వచ్చింది, కాదనను. నీళ్ళు నీలం, ఇసక పసుపు, రాయి బూడిద రంగు. అందులో చూస్తే లోతైన పాయ అవతలి గట్టు వెంట ఉంది. పేట వైపు గట్టు దగ్గర నీళ్ళు పలచగా ఉన్నాయి. దాని ప్రకారం గణేష్ రాతికట్టు డిజైన్ చేశాడు. రాతికట్టులో అసలు సంగతి పైన కనబడే వాలు కాదు, అడుగున ఏటి నేల మీద పరిచే రాతి పరుపు, దాన్నే ఏప్రన్ అంటాం. గట్టు పాదం దగ్గర వరద కోసినప్పుడు, ఆ ఏప్రన్ రాళ్ళు కోసిన గుంటలోకి జారి పాదాన్ని కాపాడతాయి. పక్కన లోతెంత ఉంటే ఏప్రన్ అంత వెడల్పు, అంత మందం. లోతు తక్కువని డ్రాయింగు చెబుతోంది గనక గణేష్ సన్నటి ఏప్రన్ సరిపోతుందని లెక్కకట్టాడు. లెక్కలో తప్పు లేదు. అంచనా కూడా తగ్గడంతో ఈఈ గారు సంతోషించారు. కొత్త వ్యవస్థలో తొలి పని, గడువుకు ముందే సిద్ధం. పెన్ను మూత తీసి నా సంతకం కోసం కబురు పంపారు.

పాత ఫైల్లో కిందటేడు లోతు పేట వైపు ఉంది కదా అని గణేష్‌ను అడిగాను. తుఫాను తర్వాత ఇసక మేట చోటు మారి ఉంటుంది మేడం అన్నాడు. అదీ జరగనిది కాదు. మా తీరంలో గెడ్డల నోళ్ళు ఏటా పక్కకు జరుగుతూనే ఉంటాయి. పాత డ్రాయింగు తీసి పోల్చినా అందుకే ఏమీ తేలదు.

అయినా నేను సంతకం పెట్టలేదు. అనుమానం వచ్చి కాదు. పద్ధతి అది. సర్వే శాఖలో కొత్త లెవెల్ పరికరం పెట్టెలోంచి తీస్తే, ఎంత పేరున్న కంపెనీదైనా, రెండు మేకుల పరీక్ష చేయకుండా ఫీల్డుకు పంపం. నేల మీద దూరంగా రెండు మేకులు పాతి, వాటి ఎత్తుల తేడాను ఒకసారి మధ్యలో నిలబడి, ఇంకోసారి ఒక మేకు పక్కన నిలబడి కొలుస్తాం. రెండుసార్లూ ఒకటే వస్తే పరికరం మంచిది. ఈ సాఫ్ట్‌వేర్‌కు అలాంటి పరీక్ష ఎవరు చేశారని ఈఈ గారిని అడిగాను. ఆడిట్ వాళ్ళు చేశారు కదా అన్నారు. వాళ్ళు చేసింది తలుపులకు గడియ పడుతుందో లేదోనని చూసే పరీక్ష సార్, గీత సరిగ్గా పడుతుందో లేదో చూసేది కాదు, అన్నాను. ఇవే కొలతలను పాత యంత్రం మీద కూడా గీసి, రెండూ ఒకటైతే అప్పుడు సంతకం పెడతానన్నాను.

ఈఈ గారు అగ్గి మీద గుగ్గిలమయ్యారు. గడువు నాలుగైదు రోజుల్లో ఉంది, పేటవాళ్ళు రోజూ వచ్చి కూర్చుంటున్నారు, మీ పట్టుదల కోసం పని పోతే బాధ్యత ఎవరిదని అడిగారు. నాదే అని కాగితం మీద రాసిచ్చాను. రిటైర్ కాబోయేవాళ్ళకు ఉండే మొండితనం అనుకున్నారో ఏమో, ఆ కాగితం తీసి ఫైల్లో పెట్టుకున్నారు. నాకు మాత్రం ఇంటికి వెళ్ళాక అన్నం సయించలేదు. ఎర్నమ్మ మొహం కళ్ళ ముందు కదిలింది. రెండు డ్రాయింగులూ ఒకటే అని తేలితే, ఊరికే ఆలస్యం చేసిన మనిషిగా నేను మిగులుతాను.

మర్నాడు కిశోర్ అడ్డం పడ్డాడు. సీలు వేసిన యంత్రం తెరవడానికి వీల్లేదన్నాడు. ఉత్తర్వు తెప్పించి చదవమన్నాను. నెట్‌వర్క్‌కు కలపరాదని ఉంది గానీ కరెంటు ఇవ్వరాదని లేదు. మరి సర్వే ఫైలు దానిలోకి ఎలా వెళ్తుంది మేడం, పెన్ డ్రైవ్ నిషేధం కదా, అన్నాడు.

"నేను ఫైలు అడగలేదు బాబూ, ప్లగ్గు అడిగాను. అంకెలు మేం చేత్తో కొట్టుకుంటాం," అన్నాను.

అతను సీలు తనే విప్పాడు. నెట్‌వర్క్ వైరు పెట్టే రంధ్రానికి టేపు అంటించి, ఆ గదిలోనే కుర్చీ వేసుకు కూర్చున్నాడు. ఆ కుర్రాడి మీద నాకు గౌరవం పెరిగింది. నిబంధన పేరు చెప్పి తప్పుకోవచ్చు. తప్పుకోలేదు.

గణేష్ కొలతలు చదువుతుంటే అప్పలనాయుడు ఎక్కించాడు. నల్ల తెర ముందు కూర్చోగానే మనిషికి ప్రాణం లేచొచ్చింది. వేళ్ళు పరుగెత్తాయి. ఇంకో చిక్కు: ఆ యంత్రం నుంచి ప్రింటు తీయడానికి లేదు, ప్లాటరు నెట్‌వర్క్‌లో ఉంది. ఆ సంగతి నేను ముందే అనుకున్నాను. నా బీరువాలో ట్రేసింగ్ కాగితం చుట్ట, గీతల పెన్నులు ఉన్నాయి. ఆ సెక్షన్లో ట్రేసింగ్ కాగితం మీద చేత్తో గీయడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. తెర మీది అంకెలు చూస్తూ ముఖద్వారం దగ్గరి అడ్డకోతలు వరసగా నాలుగు, కొత్త డ్రాయింగు కొలతకే గీశాను. గీత మందం ఎక్కడా చెడలేదు. గర్వంగానే చెబుతున్నాను.

మా పాత కార్యాలయాలన్నిట్లో గాజు బల్ల ఉంటుంది. కింద ట్యూబ్‌లైటు, పైన మందపాటి అద్దం. రెండు డ్రాయింగులు ఒకదాని మీద ఒకటి వేసి లైటు వేస్తే తేడా ఎక్కడుందో కంటికే తెలుస్తుంది. దాని మీదున్న పాత ఫైళ్ళు దింపించి, కొత్త సాఫ్ట్‌వేర్ ప్రింటు పరిచి, నా ట్రేసింగ్ దాని మీద వేశాను.

కలవలేదు. ఒక్క అడ్డకోత కూడా కలవలేదు. కొత్తదానిలో గుంట ఉన్నచోట నాదానిలో మేట ఉంది.

గణేష్ మొహం పాలిపోయింది. నేను అంకెలు తప్పు చదివానా మేడం అన్నాడు. ఒక చోట తప్పితే చదవడంలో పొరపాటు. అన్నిచోట్లా ఒకేలా తప్పడానికి ఇంకేదో కారణం ఉండాలి. అలా చూస్తూ నిలబడ్డప్పుడు, ఉద్యోగంలో చేరిన కొత్తలో మా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ గారు చేసే పని ఒకటి నాకు స్ఫురించింది. గెడ్డల సర్వే వస్తే ఆయన ముందు ట్రేసింగ్ గీసి, తర్వాత కాగితం బోర్లా తిప్పి, వెనకవైపు నుంచి సిరా దిద్దేవారు. ఎందుకని అడిగితే, గెడ్డ అంతేనమ్మా అనేవారు. చిన్న ఉద్యోగిని, అంతకంటే అడగలేదు.

నా ట్రేసింగ్‌ను పైకెత్తి బోర్లా తిప్పి వేశాను. నాలుగు అడ్డకోతలూ గీత మీద గీత కూర్చున్నాయి.

కొత్త డ్రాయింగు అద్దంలో బొమ్మ. ఎడమ కుడి అయింది, కుడి ఎడమ అయింది. పేట గుమ్మం ముందున్న లోతైన పాయను అవతలి గట్టుకు పంపి, పేట ముందు ఇసక మేట వేసింది. సన్నటి ఏప్రన్ అక్కడ వేసి ఉంటే, మొదటి వరదకే రాళ్ళు అడుగు అందక గుంటలోకి పోయేవి. వాటి వెనకే గట్టు, గట్టు వెనకే రెండో వరస.

పాతదానిలో నువ్వేం చేశావని అప్పలనాయుణ్ణి అడిగాను. ఏమీ చేయలేదన్నాడు. మళ్ళీ మొదటినుంచి చేసి చూపించమన్నాను. సర్వే ఎక్కించడం మొదలుపెట్టగానే, తెర అడుగున ఒక పొట్టి ప్రశ్న మెరిసింది. అది చదవకుండానే అతని వేలు ఒక అక్షరం కొట్టి ముందుకు పోయింది. ఆపమని అరిచాను. సర్వే దిశ ఏది అన్నది ఆ ప్రశ్న. అతను కొట్టిన అక్షరానికి అర్థం, తిరగేయమని.

"గెడ్డకైతే ఆ అచ్చరం కొట్టాల, కాలవకైతే ఊరికే ఎంటర్. ఎనకటి హెడ్డు పెద్దాయన నేర్పినాడు మేడం. కొత్తదానిలో అది అడగనేదు. అడగనేదు గదా అని అక్కర్నేదనుకున్నాను," అన్నాడు. ఆ మాట అంటూనే తలపట్టుకున్నాడు.

అతన్ని తప్పుపట్టడానికి ఏముంది? అన్ని ప్రశ్నలు అడిగిన సాఫ్ట్‌వేర్ అడగవలసిన ఒక్కటీ అడగలేదు.

ఎందుకు తిరగేయాలో అప్పుడు అందరం కూర్చుని తేల్చుకున్నాం. దేశమంతటా ఎడమ గట్టు, కుడి గట్టు అనేది నీరు పారే దిక్కుకు మొహం పెట్టి చెబుతారు. కాలవ సర్వే అలాగే పైనుంచి కిందికి నడుస్తుంది. కానీ సముద్రపు నీరు ఎగదన్నే గెడ్డల్లో అలా కుదరదు. పాటు, అంటే నీరు వెనక్కి తీసిన వేళ, ముఖద్వారం దగ్గర పని మొదలుపెట్టాలి. పోటు ఎక్కేకొద్దీ ముఖద్వారం వదిలి ఎగువకు జరగాలి. కాబట్టి మా సర్వే సిబ్బంది తరతరాలుగా సముద్రానికి వీపు పెట్టి, కొండవైపు మొహం పెట్టి నడుస్తారు. వాళ్ళ ఎడమ చేతివైపు ఉన్నది అసలు లెక్కలో కుడి గట్టు. వాళ్ళు వాళ్ళ ఎడమనే ఎడమ అని పిలుస్తారు. తిరగేయడం కార్యాలయంలో జరిగిపోయేది, మొదట ట్రేసింగ్ కాగితం మీద, తర్వాత పాత సాఫ్ట్‌వేర్‌లో ఎవరో పెట్టించిన ఆ పొట్టి ప్రశ్నతో. ఇది ఏ మాన్యువల్‌లోనూ లేదు. గణేష్‌కు ఎవరూ చెప్పలేదు. సిబ్బందికి తాము తిరగేసి చెబుతున్నామనే తెలియదు.

ఆ సాయంత్రం నుంచి పని వేరేగా నడిచింది. గణేష్ అసలైన లోతుకు ఏప్రన్ లెక్క మళ్ళీ కట్టాడు. వెడల్పు రెట్టింపు దాటింది. అంచనా పెరిగిందని ఈఈ గారు ఒక్కమాట అనలేదు. గాజు బల్ల దగ్గరకు తీసుకువెళ్ళి ట్రేసింగ్ ఒకసారి మామూలుగా, ఒకసారి బోర్లా వేసి చూపించాను. చూశారు. "సంతకం మీరు ముందు పెట్టండి," అన్నారు. అంతకాలం ఆ గడిలో సంతకాలు పెడుతూనే ఉన్నాను గానీ, ఒక అధికారి ఆ సంతకం కోసం నిలబడి ఎదురుచూడడం అదే మొదటిసారి.

డ్రాయింగు గడువు లోపలే పోర్టల్‌లోకి వెళ్ళింది.

మిగిలింది సాఫ్ట్‌వేర్ సంగతి. పాతది ఉంచేయండని నేను అడుగుతానని కిశోర్ అనుకున్నాడు. అడగలేదు. ఆ యంత్రం రోజులు అయిపోయాయని నాకూ తెలుసు. కొత్తదానిలోనే, సర్వే ఎక్కించగానే తెర మధ్యలో పెద్ద అక్షరాలతో తెలుగులో ఒక ప్రశ్న రావాలన్నాను: సర్వే ఏ వైపు మొహం పెట్టి నడిచారు, సముద్రం వైపా, కొండ వైపా? జవాబు చెప్పందే ముందుకు పోకూడదు. జవాబు డ్రాయింగు మూలన అచ్చు కావాలి. అలాగే అప్పలనాయుడి వేళ్ళకు అలవాటైన పాత అక్షరాల ఆజ్ఞలు కొత్తదానిలోనూ పనిచేసేలా చేయమన్నాను. రంగులూ పొరలూ అడిగే పెట్టెలన్నీ మా కార్యాలయం ప్రమాణానికి ముందే నింపేసి, మళ్ళీ మళ్ళీ అడగకుండా చేయమన్నాను. కిశోర్ అప్పలనాయుడి పక్కన కుర్చీ వేసుకుని, అతని చెయ్యి ఎక్కడ ఆగుతోందో రాసుకుంటూ మూడు రోజులు కూర్చున్నాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీ మనిషిని ఫోనులో పట్టుకుని అన్నీ చేయించాడు. ఆ తర్వాత గెడ్డ సర్వే మళ్ళీ భోజనాల వేళకు గీతల్లోకి రావడం మొదలైంది.

పాత యంత్రాల డిస్కులను కిశోర్ మా అందరి ముందు తీసి, నిబంధన ప్రకారం చిల్లులు పెట్టించాడు. నేను ధ్రువపత్రం మీద సంతకం పెట్టాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. మా సెక్షన్ పని ఒక్క రోజూ ఆగలేదు. ఈ రెండు మాటలూ కలిపి చెప్పగలిగిన సెక్షన్లు ఆ రోజుల్లో ఎక్కువ లేవని కిశోరే చెప్పాడు.

రాతికట్టు వానలు ముదరక ముందే పడింది. ఆ ఏడాది చివర్లో గెడ్డ పొంగింది. నీరు తీశాక గణేష్‌తో కలిసి వెళ్ళి చూశాను. ఏప్రన్ రాళ్ళు సగం గుంటలోకి జారి, పాదాన్ని పట్టుకుని కూర్చున్నాయి. డిజైన్‌లో రాసినట్టే జారాయి. రెండో వరస ఇళ్ళన్నీ ఉన్నాయి. ఎర్నమ్మ తన వాకిట్లో వల ఎండేసుకుంటూ నన్ను చూసి, "ఇంత ఆలీసం సేసి ఏటి సేత్తన్నారో అనుకున్నానమ్మా. నిన్ను తిట్టుకున్నాను కూడాను," అని నవ్వేసి, కూర్చోమని పీట వేసింది. ఆమె తిట్టుకోవడంలో తప్పు లేదు. పేట వాళ్ళకు ఇళ్ళు నిలబడ్డాయి. ఎందుకు నిలబడ్డాయో వాళ్ళకు తెలియనక్కర్లేదు. నాకు తెలుసు. ఆ పీట మీద కూర్చున్నప్పుడు నాకు కలిగినంత తృప్తి ఏ ప్రమోషన్ కాగితమూ ఇవ్వలేదు.

మరుసటేడు నేను రిటైరయ్యాను. కిశోర్ జిల్లా కార్యాలయాలన్నిటికీ పంపించిన కొత్త సర్క్యులర్ ప్రతి ఒకటి నాకు చూపించాడు. అందులో కొత్తగా ఒక షరతు చేరింది: పాత యంత్రం తొలగించే ముందు, దాని మీద పూర్తిచేసిన ఒక పనిని అదే మనిషి చేత కొత్త యంత్రం మీద మళ్ళీ చేయించి, రెండూ పోల్చి చూడాలి. కింద నా పేరు లేదు, ఉండనక్కర్లేదు.

కొత్త యంత్రం ఏమేం చేయగలదో అమ్మేవాళ్ళు చెబుతారు. అది ఎక్కడ ప్రమాదమో ఆడిట్ వాళ్ళు చెబుతారు. పాత యంత్రం ఏం చేస్తూ వచ్చిందో మాత్రం దాని ముందు ఇరవయ్యేళ్ళు కూర్చున్న మనిషి కూడా చెప్పలేడు, అది అతని చేతిలోకి వెళ్ళిపోయి ఉంటుంది. అందుకని అడిగితే తెలియదు. చేయించి చూడాలి.